అభ్యర్థి ఎంపికలో ఆచరణ దృష్టి – పౌరుడి బాధ్యతలు

ఈ భాగం చదివిన తరవాత, ఒక పదవికి ఉన్న అధికారాలను బట్టి అభ్యర్థిని అంచనా వేయడం, ఆచరణాత్మక ఎంపికకూ అవకాశవాదానికీ మధ్య తేడాను వివరించడం, పోలింగ్ ముగిశాక పౌరుడి చేతిలో మిగిలే సాధనాలను గుర్తించడం మీకు సాధ్యం కావాలి. ఉదాహరణలు చాలావరకు నిజామాబాద్ జిల్లా నుంచి, అందులోనూ బోధన్, కోటగిరి ప్రాంతం నుంచి తీసుకున్నాం.

1. పరిచయం

కోటగిరి మండలంలో ఉండే ఓటరు పరిస్థితి కొంచెం చిత్రమైనది. అతని జిల్లా నిజామాబాద్. రెవెన్యూ డివిజన్ బోధన్. శాసనసభ నియోజకవర్గం మాత్రం బాన్సువాడ. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బాన్సువాడ పట్టణం కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. ఇక అతని లోక్‌సభ నియోజకవర్గం జహీరాబాద్. ఆ పట్టణం సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉంది. కలెక్టరు ఒకచోట, ఎమ్మెల్యే నియోజకవర్గ కేంద్రం మరోచోట, ఎంపీ నియోజకవర్గ కేంద్రం ఇంకోచోట.

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి జరిగిన పోలింగ్ దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. బరిలో 185 మంది అభ్యర్థులు. బోధన్ ఓటరు ఆ యంత్రాల ముందు నిలబడ్డాడు. పక్క మండలమైన కోటగిరి ఓటరు అదే జిల్లావాడైనా అదే రోజు జహీరాబాద్ అభ్యర్థులకు ఓటు వేశాడు. తన గోడు ఎవరికి చెప్పుకోవాలో తెలియని ఓటరుకు, ఎవరిని ఎన్నుకోవాలనే ప్రశ్న దగ్గర కూడా తడబాటు తప్పదు. అందుకే మన చర్చను అభ్యర్థి గుణగణాలతో మొదలుపెట్టకుండా, పదవితో మొదలుపెడదాం.

2. ఏ పని ఎవరి చేతిలో ఉంది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా అధికారాలను పంచిందని మీరు ఇదివరకే చదువుకున్నారు. పరీక్షకోసం బట్టీపట్టే ఆ జాబితాలు ఓటరుకు నిజంగా పనికివచ్చేది ఇక్కడే.

మంజీర మీద 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ నుంచి కాలువ నీరు చివరి పొలం దాకా రావడం లేదనుకుందాం. అది రాష్ట్ర నీటిపారుదల శాఖ పని, కాబట్టి శాసనసభ్యుడిని అడగాలి. ఊరి మురుగు కాలువ, వీధి దీపాలు గ్రామపంచాయతీ బాధ్యత. పసుపు ఎగుమతి కేంద్ర వాణిజ్య మంత్రిత్వశాఖ పరిధిలోకి వస్తుంది. జొన్నకు కనీస మద్దతు ధర ప్రకటించేది కేంద్రం. ఆ ధరకు కొనుగోలు కేంద్రం తెరవడంలో రాష్ట్రానికి పెద్ద పాత్ర ఉంది. పసుపుకు అసలు మద్దతు ధరే లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు పేరు కనిపించదు. చెరకు సంగతి ఇంకో రకం. దానికి కేంద్రం ‘న్యాయమైన, లాభసాటి ధర’ పేరుతో వేరే ధర నిర్ణయిస్తుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో రైతుకు డబ్బు చెల్లించాలి.

సర్పంచ్ ఎన్నికల్లో పింఛను పెంచుతామనేవాళ్ళు, లోక్‌సభ ఎన్నికల్లో మోరీలు కట్టిస్తామనేవాళ్ళు ప్రతిసారీ కనిపిస్తారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని అనుకోనవసరం లేదు. తమ పదవి ఏమిటో వాళ్ళకే తెలియకపోవచ్చు. ఓటరుకు తెలిసి ఉంటే చాలు, ఆ హామీని పక్కనపెట్టి మిగతావి వినవచ్చు.

3. నిజామాబాద్, 2019

ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల్లో పసుపు, ఎర్రజొన్న ముఖ్యమైన పంటలు. 2019 ఎన్నికలకు ముందు రైతుల డిమాండ్లు స్పష్టంగా ఉన్నాయి. పసుపుకు ప్రత్యేక బోర్డు కావాలి, క్వింటాలు పసుపుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ధర రావాలి. (2018–19లో హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,430 రూపాయలు.) రోడ్ల మీద బైఠాయించినా ఫలితం లేకపోయేసరికి రైతులు కొత్తదారి పట్టారు. పెద్దసంఖ్యలో నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలిన 185 మందిలో 178 మంది రైతులే. లోక్‌సభకు ధరావతు 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఆ సంగతి తెలిసే వేశారు. కొందరు రైతులు వారణాసికి కూడా వెళ్ళి అక్కడ నామినేషన్లకు ప్రయత్నించారు.

ఎన్నికల సంఘానికి ఇది పెద్ద పరీక్ష. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలుంటాయి. 185 పేర్లు, వాటికి ‘నోటా’ కలిపితే 186. అందుకని ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా అమర్చవలసి వచ్చింది. తెలుగునాట దీనికి ముందే ఒక ఉదాహరణ ఉంది. ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేశారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చువేయవలసి రావడంతో పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. తరవాత అది 25,000 అయింది.

నిజామాబాద్ రైతుల్లో ఎవరూ తాము గెలుస్తామని నామినేషన్ వేయలేదు. వారి నామినేషన్ పత్రం ఒక రకంగా అర్జీ. మరి ఓటర్లు ఏం చేశారు? ఫలితం చూడండి. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అరవింద్‌కు 4,80,584 ఓట్లు, అప్పటి ఎంపీ, తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి కల్వకుంట్ల కవితకు 4,09,709 ఓట్లు వచ్చాయి. తేడా 70,875. నిరసన తెలపడానికి 178 పేర్లు యంత్రం మీద ఉన్నా, ఓటర్లలో అత్యధికులు గెలిచే అవకాశం ఉన్న ఇద్దరి మధ్యనే తేల్చుకున్నారు.

ఇందులో పసుపు ఒక్కటే పనిచేసిందని చెప్పలేం. ఆ ఎన్నికలో జాతీయ రాజకీయాల గాలి ఉంది, రాష్ట్ర ప్రభుత్వంపై అభిప్రాయాలున్నాయి, కులసమీకరణలున్నాయి. అయితే పసుపు రైతు కోణం నుంచి తర్కం ఇలా ఉంది: బోర్డు ఇవ్వగలిగింది కేంద్రం. కవిత కూడా బోర్డు కోసం కేంద్రాన్ని అడుగుతూ వచ్చారు, కానీ ఆమె పార్టీ కేంద్రంలో అధికారంలో లేదు. అరవింద్ పార్టీ అధికారంలో ఉంది, పైగా బోర్డు తెస్తానని ఆయన బాండు పేపరు మీద రాసిచ్చారు. పదవికీ కోరికకూ పొంతన కుదిరిన సందర్భమిది.

4. ఆచరణాత్మక ఎంపిక అంటే ఏమిటి?

అందుబాటులో ఉన్న అభ్యర్థుల్లో, ఆ పదవి ద్వారా జరగవలసిన పనిని ఎవరు ఎక్కువగా జరిపించగలరో, ఎవరు తక్కువ నష్టం చేస్తారో చూసి నిర్ణయించుకోవడాన్ని ఆచరణాత్మక ఎంపిక అంటాం. ‘గెలిచే గుర్రం మీద పందెం’ అనే మాటతో దీన్ని కలపకూడదు. గెలిచేవాడికే ఓటు వేయాలనుకునే ఓటరుకు ఆ గెలుపుతో తనకు ఒరిగేదేమిటన్న ఆలోచన ఉండదు. డబ్బు తీసుకుని ఓటు వేయడం అసలు ఎంపికే కాదు. ఓటుకు లంచం ఇవ్వడంతోపాటు తీసుకోవడం కూడా మన చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోండి.

మన ఎన్నికల పద్ధతి ఈ రకమైన ఆలోచనను ప్రోత్సహిస్తుంది. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. సగానికి పైగా రావాలన్న నియమం లేదు. జహీరాబాద్‌లో అదే 2019లో బి.బి. పాటిల్ గెలిచింది 6,229 ఓట్ల తేడాతో. ఏడు శాసనసభ స్థానాల పరిధిలో అది ఎంత చిన్న సంఖ్యో ఊహించండి. కోటగిరి లాంటి ఒక్క మండలం ఓటర్లు మనసు మార్చుకుంటే ఫలితమే తారుమారయ్యేది. ఇలాంటి చోట మూడో స్థానంలో ఉన్న, తనకు బాగా నచ్చిన అభ్యర్థికి ఓటు వేయాలా, మొదటి ఇద్దరిలో మెరుగైనవారికి వేయాలా అనే సంకటం ఓటరుకు ఎదురవుతుంది.

1919లో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగంలో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ రాజకీయాల్లో రెండు నీతులను గుర్తించాడు. ఒకటి విశ్వాసపు నీతి. నేను నమ్మినది చేశాను, ఫలితం నా చేతిలో లేదు అనేది దాని ధోరణి. రెండోది బాధ్యతా నీతి. నా చర్యవల్ల రాబోయే ఫలితానికి నేనే జవాబుదారీ అంటుంది. వెబర్ రాజకీయ నాయకులను ఉద్దేశించి చెప్పిన ఈ మాట ఓటరుకూ వర్తిస్తుంది. రెండో నీతిని పాటించే ఓటరుకు కొన్ని హద్దులు మాత్రం ఉండాలి. మనిషిని మనిషిగా చూడనివాడు, పక్క కులంవాడినో పక్క మతంవాడినో ఊరి నుంచి వెళ్ళగొట్టాలనేవాడు కాలువకు నీళ్ళు తెస్తానన్నా ఆ బేరం కుదరకూడదు. హద్దులు లేని ఆచరణవాదమే అవకాశవాదం.

ఎవరూ నచ్చకపోతే? 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ‘నోటా’ మీట వచ్చింది. పార్లమెంటు, శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలిచినట్లు ప్రకటిస్తారు. అంటే అది అసంతృప్తిని నమోదు చేస్తుంది తప్ప ఫలితాన్ని మార్చదు. నిజామాబాద్ రైతులు నోటా నొక్కి ఊరుకుని ఉంటే వారి ఊసు జిల్లా దాటేది కాదని నా అభిప్రాయం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
మీ ఊరికి సంబంధించిన ఒక సమస్యను తీసుకుని, అది సర్పంచ్, శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు – వీరిలో ఎవరి పరిధిలోకి వస్తుందో, ఎందుకో అయిదు వాక్యాల్లో రాయండి.

5. అభ్యర్థి గురించి తెలుసుకోవడం

ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తోపాటు ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇవ్వాలి. విద్యార్హత, ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు అందులో ఉంటాయి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల ఫలితంగా ఓటరుకు దక్కిన హక్కు ఇది. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. దాన్ని చదవడానికి ఒక సాయంత్రం చాలు. కానీ చదివేవాళ్ళు తక్కువ.

చదివేటప్పుడు కేసుల సంఖ్య చూసి ఆగిపోకండి. తెలంగాణ ఉద్యమంలో రైల్‌రోకో, రాస్తారోకోలలో పాల్గొన్న ఎంతోమందిపై కేసులు నమోదయ్యాయి. అవీ క్రిమినల్ కేసుల పట్టికలోనే కనిపిస్తాయి. పది ధర్నా కేసులున్న అభ్యర్థికంటే ఒక్క భూకబ్జా కేసో, మహిళపై దాడి కేసో ఉన్న అభ్యర్థి గురించి ఎక్కువ ఆలోచించాలి. పాత అభ్యర్థే మళ్ళీ నిలబడితే అయిదేళ్ళ కిందటి ప్రమాణపత్రాన్ని పక్కన పెట్టుకుని ఆస్తుల తేడా చూడండి.

మనిషిని చూడాలా, పార్టీని చూడాలా? ఈ ప్రశ్న బాన్సువాడ ఓటరుకు కొత్త కాదు. పోచారం శ్రీనివాసరెడ్డి తెలుగుదేశం శాసనసభ్యుడిగా ఉండి రాజీనామా చేసి, 2011 ఉప ఎన్నికలో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున గెలిచారు. 2023లో భారత రాష్ట్ర సమితి అభ్యర్థిగా గెలిచి, 2024 జూన్‌లో కాంగ్రెస్‌లో చేరారు. జహీరాబాద్ నుంచి రెండుసార్లు తెలంగాణ రాష్ట్ర సమితి ఎంపీగా గెలిచిన బి.బి. పాటిల్ 2024లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా పోటీచేసి, కాంగ్రెస్ అభ్యర్థి సురేశ్ షెట్కార్ చేతిలో ఓడిపోయారు. పదవికి రాజీనామా చేసి మళ్ళీ ప్రజల ముందుకు వెళ్ళడానికీ, పదవిలో ఉండగానే పార్టీ మారడానికీ తేడా ఉంది. 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు ఉద్దేశం ఆ తేడాను కాపాడటమే.

చట్టసభలో ఓటింగు జరిగేటప్పుడు సభ్యుడు పార్టీ విప్‌కు కట్టుబడాలి. కాబట్టి చట్టాలు, బడ్జెట్, ప్రభుత్వ ఏర్పాటు వంటి వాటిలో పార్టీయే ముఖ్యం. నియోజకవర్గం పనులు, అధికారులతో మాట్లాడటం, ప్రజలకు అందుబాటులో ఉండటం వంటి వాటిలో మనిషి ముఖ్యం. లోక్‌సభ నుంచి గ్రామపంచాయతీ వైపు దిగివచ్చేకొద్దీ పార్టీ బరువు తగ్గి మనిషి బరువు పెరుగుతుంది. తెలంగాణలో గ్రామపంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి.

6. అందరూ ఇచ్చే హామీ: బోధన్ చక్కెర ఫ్యాక్టరీ

శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1930ల చివరలో మొదలైంది. బోధన్ చుట్టుపక్కల మండలాల బతుకు దశాబ్దాలపాటు దాని చుట్టూ తిరిగింది. చెరకు నరికాక ఆలస్యమైనకొద్దీ రసంలో చక్కెర శాతం పడిపోతుంది. అందువల్ల దగ్గర్లో ఫ్యాక్టరీ ఉంటేనే రైతు చెరకు వేస్తాడు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించి, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. ఫ్యాక్టరీని తిరిగి ప్రభుత్వపరం చేస్తామన్న మాట అప్పటినుంచీ ఎన్నికల్లో వినిపిస్తూనే ఉంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. 2019లో జాతీయ కంపెనీ చట్ట ట్రైబ్యునల్ ఆ కంపెనీ ఆస్తుల విక్రయానికి ఆదేశించింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. ఈలోపు చెరకు పొలాలు చాలావరకు వరి పొలాలయ్యాయి.

కార్మికులు, రైతులు అడగక కాదు. పోరాటాలు చేశారు, పాదయాత్రలు చేశారు. అయినా ఓటు ద్వారా ఈ సమస్య పరిష్కారం కాకపోవడానికి ఒక కారణం, అన్ని పార్టీలూ ‘తెరిపిస్తాం’ అనే ఒకే జవాబు ఇవ్వడం. అందరూ ఒకే హామీ ఇచ్చినప్పుడు ఆ హామీ అభ్యర్థిని ఎంచుకోవడానికి ఉపయోగపడదు. అప్పుడు ఓటరు ప్రశ్న మార్చాలి. బ్యాంకుల అప్పు ఎవరు తీరుస్తారు? ప్రైవేటు వాటా సంగతేమిటి? యంత్రాలు పాతబడ్డాయి గనుక కొత్త ఫ్యాక్టరీ కడతారా? చెరకు విస్తీర్ణం మళ్ళీ పెరిగేదాకా దానికి ముడిసరుకు ఎక్కడినుంచి వస్తుంది? వీటికి ఒక్కదానికైనా లెక్కతో జవాబు చెప్పిన అభ్యర్థి, ‘వంద రోజుల్లో’ అన్న అభ్యర్థికంటే మేలు.

పసుపు బోర్డుతో పోల్చితే తేడా తెలుస్తుంది. బోర్డు ఒక మంత్రిత్వశాఖ ఒక్క ఉత్తర్వుతో ఇవ్వగలిగినది. ఫ్యాక్టరీలో రాష్ట్రం, ప్రైవేటు యజమాని, బ్యాంకులు, ట్రైబ్యునల్ అందరూ ఉన్నారు. మొదటి దానికి ఓటు ఒత్తిడి పనిచేసింది. రెండో దానికి ఓటుతోపాటు ఓపికగా కాగితాలు చదివే పౌరసంఘాలు కావాలి.

7. పోలింగ్ తరవాత

రాజ్యాంగంలోని 51ఎ అధికరణ 1976లో 42వ సవరణతో వచ్చింది. 2002లో చేర్చిన దానితో కలిపి అందులో ఇప్పుడు 11 ప్రాథమిక విధులున్నాయి. ఓటు వేయడం వాటిలో లేదన్న సంగతి చాలామంది విద్యార్థులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. చట్టం ఓటును విధిగా చెప్పకపోయినా ప్రజాస్వామ్యం దాని మీదే నడుస్తుంది. ఓటు వేశాక చేయవలసిన పని కూడా అలాంటిదే.

పసుపు రైతుల కథ 2019తో ముగియలేదు. మరుసటి ఏడాది నిజామాబాద్‌కు బోర్డు బదులు సుగంధద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ప్రకటించారు. రైతులు దానితో సరిపెట్టుకోలేదు. బాండు పేపరు సంగతి గుర్తుచేస్తూనే వచ్చారు. 2023లో నిజామాబాద్ రోడ్ల పక్కన పసుపు రంగు బోర్డులు వెలిశాయి. ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు ఇదేనని వాటి మీద వ్యంగ్యంగా రాసి ఉంది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. 4న ఉత్తర్వు వెలువడింది. 2025 సంక్రాంతికి నిజామాబాద్ కేంద్రంగా బోర్డు ప్రారంభమైంది. శాసనసభ ఎన్నికల ముందు ఆ ప్రకటన వచ్చిందని కొందరు ఎత్తిపొడిచారు. అయితే ఎన్నికల భయంతో ప్రభుత్వం కదిలితే అది ఓటు పనిచేసినట్లే కదా.

బోర్డు వచ్చిందంటే ధర వచ్చినట్లు కాదని మాత్రం గమనించాలి. గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డు 1975 నాటి పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడింది. ఎంత పంట వేయాలో నియంత్రించడం, వేలం కేంద్రాలు నడపడం దాని పనుల్లో ఉన్నాయి. పసుపు బోర్డు ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడింది. ఎగుమతులు, కొత్త ఉత్పత్తులు, పరిశోధన, నాణ్యత దాని ప్రధాన లక్ష్యాలు. పసుపు కొనే అధికారమో, మద్దతు ధర ఇచ్చే అధికారమో దానికి అప్పగించలేదు. 15,000 రూపాయల డిమాండు అలాగే ఉంది. కాబట్టి వచ్చే ఎన్నికలో పసుపు రైతు అడగవలసింది బోర్డు గురించి కాక, బోర్డు అధికారాల గురించి.

ఊరి స్థాయిలో పౌరుడికి దగ్గరగా ఉన్న వేదిక గ్రామసభ. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారి అది జరగాలి. ఊరి ఓటర్లందరూ సభ్యులే. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు బలంగా ఉంటాయి. చెరువు, గుడి, బడి పనుల్లో వాటి సేవ తక్కువేమీ కాదు. అయితే అవి చట్టం ఏర్పాటు చేసిన సంస్థలు కావు. కొన్నిచోట్ల ఇవి కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించడం, సర్పంచ్ పదవిని వేలం వేసి ఏకగ్రీవం అనిపించడం జరిగింది. వేలంలో గుడికి డబ్బు వస్తుంది, కానీ ఊళ్ళోవాళ్ళకు ఎంపిక చేసుకునే హక్కే పోతుంది. పంచాయతీ ఖర్చుల లెక్క అడగాలన్నా, ఒక తీర్మానాన్ని వ్యతిరేకించాలన్నా గ్రామసభకే వెళ్ళాలి. అక్కడ మాట్లాడే హక్కు ఆడవాళ్ళకు, దళితులకు చట్టప్రకారం అందరితో సమానంగా ఉంది.

రెండో సాధనం సమాచార హక్కు చట్టం, 2005. తెల్లకాగితం మీద తెలుగులోనే దరఖాస్తు రాయవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ప్రశ్న సూటిగా ఉండాలి. ‘మా కాలువ పనులు ఎందుకు ఆగిపోయాయి?’ అని రాస్తే జవాబు దాటవేయడం తేలిక. ‘ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా డిస్ట్రిబ్యూటరీ మరమ్మతులకు మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం, కొలతల పుస్తకం నకలు ఇవ్వండి’ అని రాస్తే దాటవేయడం కష్టం. 30 రోజుల్లో జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రెండో అప్పీలు. కోటగిరి తహసీల్దారు కార్యాలయం విషయమైతే అది హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళుతుంది. పసుపు బోర్డు విషయమైతే, దాని కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉన్నా, ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు పంపాలి.